కోల్డ్ రూమ్‌లో చప్పుడు

సామర్లకోట నుంచి కాకినాడ వెళ్ళే దారిలో, కాలవ దాటాక ఎడంచేతి పక్క ఒక పెద్ద గోడౌన్ ఉంది. పగటిపూట చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. తెల్లరేకుల కప్పు, గేటు ముందు వరసగా వ్యాన్లు, పక్కనే టీ బడ్డీ. కానీ ఆ చుట్టుపక్కల ఎవర్నడిగినా గొంతు తగ్గించి ఒకటే మాట చెబుతారు — చీకటి పడ్డాక ఆ గోడౌన్ చివర ఉన్న కోల్డ్ రూమ్ జోలికి మాత్రం పోవద్దని.

ఆ గదికి చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. ఒకప్పుడు అది రొయ్యల కంపెనీ. రొయ్యలు ఒలిచే పిల్ల ఒకతె ఆ గదిలోనే పోయిందని, సంగతి బయటికి పొక్కకుండా చూశారని అంటారు. ఆ పిల్ల పేరేంటో ఎవరికీ తెలీదు. ఏ ఊరో తెలీదు. అసలు నిజంగా పోయిందో లేదో కూడా తెలీదు.

రొయ్యల కంపెనీ మూతపడ్డాక ఆన్‌లైన్‌లో సరుకులమ్మే పెద్ద కంపెనీ ఒకటి దాన్ని అద్దెకు తీసుకుంది. కప్పు మార్చారు, నేల మార్చారు, కొత్త రంగులేశారు. ఆ ఒక్క గదిని మాత్రం, గోడలు మందంగా ఉన్నాయి, ఐస్‌క్రీములకీ ఫ్రోజెన్ సరుక్కీ పనికొస్తుందని అలాగే ఉంచేశారు.

చప్పుడు కూడా అలాగే ఉండిపోయింది.

రాత్రిపూట... లోపల్నుంచి... ఎవరో తలుపు తడుతున్నట్టు.

పోయినేడు దసరా రోజుల్లో, ఆ గోడౌన్‌లోనే పనిచేసే రూతు అనే ఆవిడ అదే గదిలో చనిపోయి కనిపించింది. అప్పట్నుంచి కొత్తగా చేరినవాళ్ళు ఆ చప్పుడికి రూతు పేరే పెట్టేశారు. "రూతు కొడుతోంది," అనుకుని పని వదిలేసి దూరంగా జరిగేవాళ్ళు.

ప్రిస్కిల్లా ఆ గోడౌన్‌లో రాత్రి డ్యూటీకి చేరింది ఆ చప్పుడు వినడానికే.

రూతు ఆమె సొంత అక్క.

తల్లి పోయినప్పుడు ప్రిస్కిల్లా ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్ల. అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, పెళ్ళి చేసి యానాం పంపింది అన్నీ రూతే. తన కాపురం మాత్రం నిలవలేదు. సామర్లకోట స్టేషన్ వెనక ఒక గదిలో ఒంటరిగా ఉండేది. ఇంటికొచ్చిందా రాలేదా అని చూసే మనిషి లేదు.

చనిపోయాక కంపెనీవాళ్ళు చెప్పింది ఇది — "సాయంత్రం డ్యూటీ దిగి వెళ్ళిపోయినట్టు మా సిస్టంలో ఉందండి. తెల్లవారుజామున మళ్ళీ ఎందుకో లోపలికెళ్ళింది. ఆ చలికి గుండె ఆగిపోయింది. క్షణంలో అయిపోయింది. బాధ కూడా తెలిసుండదు."

సమాధి దగ్గర పాస్టరుగారు కూడా అదే అన్నారు. నిద్రపుచ్చినట్టు తీసుకున్నాడమ్మా ప్రభువు, అని.

ఆ ఒక్క మాట పట్టుకునే ప్రిస్కిల్లా అప్పట్నుంచీ బతుకుతూ వచ్చింది. క్షణంలో అయిపోయింది... బాధ తెలీలేదు... రాత్రి కళ్ళు మూసుకునే ముందు తనలో తను అనుకునేది. అనుకుంటేనే నిద్రొచ్చేది.

అంతలో ఎవరి నోటో విన్నది, రూతు రాత్రిళ్ళు తలుపు కొడుతోందని.

"చచ్చిపోయినవాళ్ళు తలుపులు కొడతారా, ప్రిస్కీ?" అన్నాడు భర్త జాషువా. ఆటో తుడుస్తూ ఆమె మొహం వంక చూడకుండా అన్నాడు.

"కొట్టకపోతే తిరిగొచ్చేస్తాను," అంది.

దెయ్యాలున్నాయని నమ్మకూడదని ఆమెకి తెలుసు. చర్చిలో చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. అయినా అక్క దెయ్యమయ్యుంటే బాగుణ్ణని మనసులో ఎక్కడో ఆశ. ఆ ఆశకి ఆమెకే సిగ్గేసేది. ఒక్కసారి గొంతు వినాలి, అంతే. ఏమీ అడగక్కర్లేదు.

కాంట్రాక్టరు ద్వారా చేరింది కాబట్టి ఆమె రూతు చెల్లెలని అక్కడెవరికీ తెలీదు. తనూ చెప్పలేదు.

పని ఒంటికి కష్టంగానీ అర్థం కానిదేమీ కాదు. ఎక్కడో అమలాపురంలో ఎవరో మంచమ్మీద పడుకుని ఫోను మీద వేలు నొక్కుతారు. ఇక్కడ ప్రిస్కిల్లా చేతిలో స్కానింగ్ గన్ను కూస్తుంది. ఏ వరస, ఏ అర, ఏ వస్తువు — గన్నుమీద పడుతుంది. పరిగెత్తినట్టు వెళ్ళి, తీసి, గన్నుకి చూపించి, నీలంరంగు డబ్బాలో వెయ్యాలి. వేసేలోపే ఇంకోటి కూస్తుంది. ఆ డబ్బాలు ప్యాకింగ్‌కి వెళతాయి. ప్యాకెట్లు ఊళ్ళవారీగా వ్యాన్లెక్కుతాయి. తెల్లారేసరికి కాకినాడ, రాజమండ్రి, యానాం గుమ్మాల్లో సరుకు ఉండాలి.

ఇదంతా నడిపించేది హైదరాబాద్‌లో కూర్చున్న ఎవరో. ఈ వారం ఈ జిల్లాలో ఏది ఎంత అమ్ముడుపోతుందో అక్కడే లెక్కేసి లారీలు పంపిస్తారు. ఎవరు ఎంత వేగంగా నడుస్తున్నారో, ఎవరు నిలబడిపోయారో అక్కడే కనిపిస్తుంది. గన్ను కాసేపు కూయకపోతే ఆ మనిషి డ్యూటీ దిగిపోయినట్టే కంప్యూటర్ తెరమీద పడుతుంది. కోల్డ్ రూమ్‌కి ఇంకో పద్ధతి — లోపల ఎవరూ లేరని తెర చెబితే చాలు, చల్లదనం పోకుండా లైట్లు ఆరిపోతాయి, తలుపు దానంతటదే మూసుకుని గడియపడుతుంది. లోపల్నుంచి తెరుచుకునే మీట ఒకటుందిగానీ దానికి మంచు పట్టేసిందని ఎప్పట్నుంచో అందరికీ తెలుసు. బాగుచెయ్యాలని పైకి రాశారు. పైనుంచి ఇంకా మాట రాలేదు.

రాత్రివాళ్ళు ఎంత చెప్పినా ఆ గదిలోకి మేం వెళ్ళం అంటున్నారని, షిఫ్ట్ ఇన్‌చార్జి కిరణ్ కుమార్ ఒక ఉపాయం చేశాడు. మర్నాడు పొద్దున వెళ్ళాల్సిన ఐస్‌క్రీములూ అవీ సాయంత్రం షిఫ్టువాళ్ళ చేతే తీయించి ఐస్ పెట్టెల్లో సర్దించేవాడు. ఇక రాత్రంతా ఆ తలుపు తీసే పనే లేదు.

ప్రిస్కిల్లా చేరాక నెలలు గడిచాయి. సందు దొరికినప్పుడల్లా ఆ తలుపు దగ్గరికెళ్ళి నిలబడేది. కంప్రెసర్ మూలుగు తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకట్రెండుసార్లు టక్కున ఏదో చప్పుడైతే గుండె ఝల్లుమంది... చూస్తే పైపు. అక్క లేదు. ఎక్కడా లేదు.

ఇక మానేసి ఇంటికి పోదామని అనుకుంటుండగా మళ్ళీ దసరా అమ్మకాలు వచ్చాయి.

ఆ రాత్రి గోడౌన్ గోడౌనంతా గోలగోలగా ఉంది. బెల్టు ఆగకుండా తిరుగుతోంది, టేపు మిషన్లు కర్రుకర్రుమంటున్నాయి. పక్కమనిషి మాట వినపడదు. టీ కోసం కాసేపు బెల్టు ఆపారు.

ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో... దూరంగా... చివర్నుంచి...

దబ్.

ప్యాకింగ్‌లో పనిచేసే సూరమ్మ చేతిలో గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. యాభై దాటిన మనిషి, అందరికంటే పాత మనిషి. "విన్నారా...?" అంది.

దబ్... దబ్.

వరసల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెలుతుర్లో గుంపుగా నిలబడ్డారు. ఎవరో దండకం మొదలెట్టారు. ఎవరో యేసయ్యా, యేసయ్యా అంటున్నారు.

"కంప్రెసర్ అండి అది," అన్నాడు కిరణ్ కుమార్. "పని చూసుకోండి. వ్యాన్లకి టైమవుతోంది."

"కంప్రెసరైతే మీరెళ్ళి చూసి రండి సార్," అంది సూరమ్మ.

అతను కదల్లేదు. తెర వైపు చెయ్యి చూపించాడు. "మధ్యలో తలుపు తీస్తే టెంపరేచర్ పెరుగుతుంది, హైదరాబాద్‌లో అలారం మోగుతుంది. ఎందుకు తీశావని నన్నడుగుతారు. లోపల ఎవరూ లేరండి. ఇదిగో, మీరే చూడండి... సున్నా."

దబ్.

ప్రిస్కిల్లా అప్పటికే నడుస్తోంది.

"అమ్మాయ్! ఎక్కడికే?" సూరమ్మ గొంతు వెనకనుంచి వచ్చింది. "వెళ్ళకే... అది పిలుస్తుందే...!"

ఆ గోడౌన్‌లో లైట్లు మనిషి నడిస్తే వెలుగుతాయి, దాటితే ఆరిపోతాయి. ఆమె నడుస్తున్నకొద్దీ ముందు ఒక లైటు వెలుగుతోంది — వెనక ఒకటి ఆరుతోంది. తిరిగి చూస్తే చీకటే. బియ్యం బస్తాలు, సబ్బుల అట్టపెట్టెలు, నూనె టిన్నులు... వరస తర్వాత వరస. భయం ఉంది. భయం కన్నా పెద్దది ఇంకోటి ఉంది.

తలుపు ముందు ఆగింది. ఇనప తలుపుకి చెవి ఆనించింది. చెంప జివ్వుమంది.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

దబ్. సరిగ్గా చెవి దగ్గర.

"అక్కా..." అంది. మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు కింద రబ్బరు పట్టీ దగ్గర నోరు పెట్టి మళ్ళీ అంది. "అక్కా... నేనే... ప్రిస్కిల్లాని."

లోపల ఏదో నేలమీద ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. గోళ్ళతో గీరినట్టు సన్నటి చప్పుడు. దానివెనక... గొంతో, గాలో తెలీని ఒక మూలుగు...

"...తలుపు..."

ఏడాది తర్వాత ప్రిస్కిల్లాకి సంతోషమేసింది. ఒళ్ళంతా వణుకుతున్నా, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా, సంతోషమే. వచ్చింది. అక్క వచ్చింది. పిలిస్తే పలికింది.

హేండిల్ పట్టుకుని లాగింది. రాలేదు. వేళ్ళు అంటుకుపోతున్నాయి. గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడపీకి, దానితో గడియ మీద కొట్టింది. కొట్టింది... కొట్టింది. ఎక్కడో అలారం మోగడం మొదలెట్టింది. గడియ ఊడి పక్కకి వేలాడింది.

తలుపు తెరుచుకుంది. తెల్లటి పొగ... మొహమ్మీదికి, కళ్ళలోకి.

ఆ పొగలోంచి ఒక ఆకారం.

కంపెనీ నీలం కోటు. మీద పొడిపొడిగా మంచు. కనుబొమలు తెల్లగా, పెదాలు నల్లగా. రెండు చేతులూ చాచి ఆమె మీద పడింది. ఆ చేతులు మెడ చుట్టూ చుట్టుకుంటే ప్రిస్కిల్లాకి వెన్నులో ప్రాణం పోయినట్టయింది. శవం ఎంత చల్లగా ఉంటుందో ఆమెకి తెలుసు — పోయినేడు ఈ చేతులతోనే ముట్టుకుంది.

అయినా వదల్లేదు. గట్టిగా కావలించుకుంది.

"అక్కా... అక్కా..."

ఆ తల ఆమె భుజమ్మీద వాలింది. చెవి దగ్గర ఊపిరి తగిలింది.

వెచ్చటి ఊపిరి.

ప్రిస్కిల్లా మొహం పైకెత్తి చూసింది.

ఉషారాణి. సాయంత్రం షిఫ్టు పిల్ల. మొన్ననే చేరింది, డ్యూటీ మారేటప్పుడు రోజూ నవ్వుకుంటూ ఎదురుపడుతుంది.

ఏడుపొచ్చింది ప్రిస్కిల్లాకి. ఆ పిల్ల బతికుందని కాదు. అక్క కాదని. ఆ క్షణంలో ఆమెకి వచ్చిన ఏడుపు అదే, తర్వాత ఎంత దాచుకుందామన్నా అదే.

అలారానికి అందరూ పరిగెత్తుకొచ్చారు. గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ అమ్మిరాజు కంబళి తెచ్చాడు. చేతులు రుద్దారు, కాళ్ళు రుద్దారు. ఉషారాణి వేళ్ళ కొసలు నల్లబడిపోయి ఉన్నాయి.

"గన్ను చచ్చిపోయింది..." అంటోంది, నోరు తిరక్క. "చలికి బ్యాటరీ... ఆగిపోయింది. లైటారిపోయింది. తలుపు మూసుకుపోయింది. కొట్టాను... చాలా కొట్టాను... ఎవరో ఒకళ్ళు వింటారని..."

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు.

నూటెనిమిది వచ్చి ఆ పిల్లని కాకినాడ తీసుకెళ్ళింది. ప్రాణానికి భయం లేదన్నారు. వేళ్ళ సంగతి మాత్రం చెప్పలేమన్నారు.

కిరణ్ కుమార్ తెర ముందే నిలబడిపోయాడు. "వెళ్ళిపోయినట్టే ఉందండి..." అంటున్నాడు, ఎవరూ అడక్కుండానే. "చూడండి, సాయంత్రమే డ్యూటీ దిగి వెళ్ళిపోయినట్టే ఉంది... నేనేం చెయ్యను... వెళ్ళిపోయినట్టే ఉంది..."

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది ప్రిస్కిల్లాకి. అప్పటికి ఆమె బుర్ర పనిచెయ్యడం లేదు. చేతిలో గన్ను మళ్ళీ కూసింది. యానాంకి రెండు కిలోల కందిపప్పు. వెళ్ళి తీసింది. వేసింది. బెల్టు తిరగడం మొదలైంది. వ్యాన్లు వేళకే బయల్దేరాయి.

తెల్లారబోతుండగా సూరమ్మ రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, గోడ దగ్గర కూలబడిన ప్రిస్కిల్లా పక్కన కూర్చుంది. గలగలా మాట్లాడే మనిషి. ఇవాళ మెల్లగా మాట్లాడింది.

"అది పిలుస్తుందమ్మాయ్. ఉషారాణిని లోపలికి పిలుచుకున్నది అదే. నువ్వు గుండెగలదానివి కాబట్టి దాని నోట్లోంచి లాక్కొచ్చావు. పాపం, ఆ రూతుకే ఎవరూ లేకపోయారు."

ప్రిస్కిల్లా తలెత్తింది. "రూతు పోయినప్పుడు మీరిక్కడే ఉన్నారా, పిన్నీ?"

"ఉండకేం! ఆ రాత్రి డ్యూటీ నాదే." సూరమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రొయ్యల కంపెనీ రోజుల్నుంచీ నేనిక్కడున్నాను గదా... దాని చప్పుడు చాలాసార్లు విన్నాను. ఏదో ఒకటీ అరా, అంతే. కానీ ఆ రాత్రి కొట్టినట్టు అది ఎప్పుడూ కొట్టలేదమ్మాయ్. మేం డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచీ కొడుతూనే ఉంది. దబ్ దబ్ దబ్ దబ్... ఆపితేగా."

"రాత్రంతానా?"

"రాత్రంతా! పొద్దున్నే ఎవరో ఒకళ్ళని తీసుకుపోవాలని కూర్చుంది మరి. ఆ పిచ్చిది తెల్లారకట్ల వచ్చి లోపలికెళ్ళింది, అంతే."

ప్రిస్కిల్లా టీ గ్లాసు కింద పెట్టింది. "మరి... మీరేం చేశారు?" అంది.

"ఏం చేస్తాం? ఫోన్లలో పాటలు పెట్టుకున్నాం, గట్టిగా. అయినా వినపడుతూనే ఉంది. ఒకసారి దూరంనుంచి చూద్దును గదా... హేండిల్ కదులుతోందే! ఇలా... ఇలా... లోపల్నుంచి ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టు. అందరూ కెవ్వుమంటూ పరిగెత్తారు. నేనే ధైర్యం చేసి, టీ బడ్డీవాడి దగ్గర నిమ్మకాయ తెచ్చి, దారంతో ఆ హేండిల్‌కి కట్టాను. దణ్ణం పెట్టుకుని, వెళ్ళిపో తల్లీ, మేం పిల్లలు గలవాళ్ళం, మమ్మల్నొదిలెయ్ అన్నాను."

సూరమ్మ ఒక గుక్క టీ తాగింది.

"నా గొంతు విన్నట్టుంది. అప్పుడు మరీ గట్టిగా కొట్టింది. ఏడ్చినట్టు ఒక కేక కూడా వినపడింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. ఆ తర్వాత తగ్గిందమ్మాయ్. మెల్లగా... ఇంకా మెల్లగా... తెల్లారే వేళకి పూర్తిగా ఆగిపోయింది."

బయట వెలుతురు వస్తోంది. పగటి షిఫ్టువాళ్ళ ఆటోలు గేటు దగ్గర ఆగుతున్నాయి.

"ఏంటమ్మాయ్..." అంది సూరమ్మ. "అలా చూస్తున్నావేంటి?"

ప్రిస్కిల్లా లేచి నిలబడింది.

"రూతు మా అక్క, పిన్నీ," అంది.